కత్తి పట్టే చెయ్యి ఎవరిదో అడిగారా?



నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుండి పట్నం వచ్చే మన సంఘాల వారికి ఎల్.బి. నగర్ చౌరస్తా కొత్త కాదు. బస్సు అక్కడ ఆగగానే సగం మంది దిగిపోతారు. అక్కడినుండి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి వెళ్ళినా, మెట్రో రైలెక్కి కిటికీలోనుండి చూచినా బోర్డులే బోర్డులు. ఒకప్పుడు ఆ దారిలో బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువగా కనబడేవి. ఇప్పుడు వాటి నడుమ చర్మం, జుట్టు, పలువరుస, పొట్ట, ముక్కు అంటూ మరో వరుస చేరింది. మచ్చలు మాయం చేస్తామంటారు, బట్టతలకు జుట్టు నాటుతామంటారు, లావు కరిగిస్తామంటారు. ఎడమవైపు పాత ముఖం, కుడివైపు కొత్త ముఖం, కింద ఫోను నంబరు. డాక్టరు పేరు మాత్రం చాలా బోర్డుల మీద ఉండదు.

ఈ నెల ఆ బోర్డుల సంగతే వ్రాయాలనుకున్నాను. దానికి కారణం నాకు వచ్చిన ఒక ఫోను.

శుక్రవారం మధ్యాహ్నం. నాకు బాగా తెలిసిన ఒక తల్లి, నల్లగొండ వైపు పల్లెనుండి వచ్చినామె, ఫోను చేసింది. ఆమె కూతురుకు చిన్నతనంలో పొయ్యి దగ్గర కొంగు అంటుకొని చెంప మీద, మెడ మీద కాలింది. ప్రాణం దక్కింది గాని మచ్చ మిగిలింది. మెడ దగ్గర చర్మం ముడుచుకుపోయి, తల ఒకవైపు సరిగ్గా తిరగదు. ఆ పిల్ల డిగ్రీ చదివింది. బుద్ధిమంతురాలు. రెండు సంబంధాలు చూచి వెళ్ళి తిరిగి కబురు చేయలేదు. ఇక తల్లి మనసు ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు.

“సిస్టరమ్మా, మేము దిల్‌సుఖ్‌నగర్ల ఉన్నం. పిల్ల మచ్చ తీస్తరంట. నలభై ఐదు వేలంట. ఇయ్యాల్నే పదివేలు కడితె ఐదు వేలు తగ్గిస్తరంట. కట్టమంటరా?”

“ఎవరు చేస్తారమ్మా?”

“డాక్టర్ సారు.”

“ఆయన పేరేమిటి?”

కాసేపు మాట లేదు. “బయట పెద్దగ రాసున్నది గని, అది దవాఖాన పేరు. సారు పేరు తెల్వదు.”

“ఆయన్ని చూచావా?”

“లేదు. కోటేసుకున్న అమ్మాయి మాట్లాడింది. మంచిగ మాట్లాడింది.”

“ఆపరేషను చేసే డాక్టరు ఏం చదివారో అడుగమ్మా.”

“అట్ల అడుగుతె ఏమనుకుంటరో సిస్టరమ్మా. కోపం చేస్తరేమో. పెద్దోళ్ళను అట్ల అడుగొచ్చునా?”

నేను నలభై ఏళ్ళకు దగ్గరగా ఆసుపత్రి వార్డుల్లో తిరిగినదాన్ని. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మందు చేదుగా ఉందని చెప్పటానికి మొహమాటం. సూది వేసిన చోట వాచిందని చెప్పటానికి భయం. డాక్టరుగారిని ప్రశ్న అడిగితే మర్యాద తప్పినట్టని మన పల్లెల్లో పెద్దలు కూడా అనుకుంటారు. ఈ మొహమాటం మీదనే కొందరు మేడలు కడుతున్నారు.

ఒక్క సంగతి ఆలోచించండి. మన రైతు ఎడ్లజత కొనేముందు నోరు తెరచి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అరెకరం పొలం కొనాలంటే పాసుబుక్కు చూస్తాడు, పహాణీ తీయిస్తాడు, హద్దుల మీద నిలబడి పక్కవారిని అడుగుతాడు. అమ్మేవాడు నొచ్చుకుంటాడని మానుకోడు గదా. మరి కన్నబిడ్డ ముఖం మీద కత్తి పెట్టే చెయ్యి ఎవరిదో అడగటానికి మాత్రం సిగ్గుపడతాం. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు ఎన్నడూ నొచ్చుకోడు. పన్నెండేళ్ళు కష్టపడి చదివినవాడు ఆ చదువును దాచుకోడు.

అసలు ఆ చదువు ఏమిటో చెప్పుకుందాం. చీటీల మీద, బోర్డుల మీద కనబడే అక్షరాలకు అర్థం తెలిస్తే సగం భయం పోతుంది.

ఎం.బి.బి.ఎస్. అంటే మొదటి మెట్టు. హౌస్ సర్జన్ ఏడాదితో కలిపి ఐదున్నరేళ్ళు. ఆ తరువాత మూడేళ్ళు చదివితే శస్త్రచికిత్సలో ఎం.ఎస్. దాని మీద మరో మూడేళ్ళు ప్లాస్టిక్ సర్జరీ చదివితే ఎం.సి.హెచ్. అంటారు. డి.ఎన్.బి. అని జాతీయ పరీక్షా మండలి ఇచ్చే పట్టా ఉంది, అదీ సమానమైనదే. అయితే డి.ఎన్.బి. అనే అక్షరాలు చాలా శాఖలకు ఉంటాయి గనుక పక్కన ‘ప్లాస్టిక్ సర్జరీ’ అని ఉందో లేదో చూడాలి. కాలిన మచ్చ కోసి సరిచేయటం, గ్రహణం మొర్రి కుట్టటం, ముక్కు సరిచేయటం, కొవ్వు తీయటం వీరి పని.

చర్మవ్యాధుల డాక్టరుకు ఎం.డి. ఉంటుంది, పక్కన డి.వి.ఎల్. అని వ్రాస్తారు. డిప్లొమా చేసినవారూ ఉన్నారు. చర్మానికి మందులు, లేజరు, మచ్చకు సూదిమందు వీరి పని. జుట్టు నాటే శిక్షణ పొందినవారు కూడా వీరిలో ఉన్నారు.

బి.డి.ఎస్. అంటే పళ్ళ డాక్టరు. పళ్ళకు ఆయనే కావాలి. నోరు, దవడ ఎముకల శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. చేసినవారు వేరే ఉన్నారు, వారు ముఖపు ఎముకల ఆపరేషన్లు చేస్తారు. ఆయుర్వేదానికి, హోమియోపతికి వేరే పట్టాలు. ఎవరి విద్య వారిది, ఎవరినీ చిన్నచూపు చూడనక్కరలేదు. కాని బావి త్రవ్వేవాడిని ఇల్లు కప్పమని పిలవము గదా.

ఇవి గాక మరికొన్ని మాటలు వినబడతాయి. కాస్మటాలజిస్టు, ఈస్థటిక్ నిపుణుడు, ట్రైకాలజిస్టు, ఏదో దేశపు ఫెలోషిప్పు. వీటిలో కొన్ని వారం పది రోజుల తరగతులకు ఇచ్చే కాగితాలు. అసలు పట్టా ఉన్న డాక్టరుకు ఇవి అదనంగా ఉంటే మంచిదే. అసలు పట్టా లేక ఇవి మాత్రమే ఉంటే అవి గోడకు అందం, రోగికి రక్షణ కావు.

ఢిల్లీలో 2021లో ఒక యువకుడు జుట్టు నాటించుకున్న తరువాత మరణించాడు. అతని తల్లి హైకోర్టుకు వెళ్ళింది. ఇటువంటి సంగతులు కోర్టు దృష్టికి వచ్చిన తరువాత, 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ అందానికి చేసే ఆపరేషన్ల గురించి, జుట్టు నాటటం గురించి సూచనలు ఇచ్చింది. వర్క్‌షాపులో కూర్చుని చూచి గాని, యూట్యూబులో చూచి గాని నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని అందులో స్పష్టంగా ఉంది. అయినా కాన్పూరులో 2024 నవంబరులో ఒకరు, 2025 మార్చిలో మరొకరు జుట్టు నాటించుకున్న తరువాత ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇద్దరూ ఇంజనీర్లే. ఇద్దరూ వెళ్ళింది ఒకే క్లినిక్కుకు, అక్కడ ఉన్నది పళ్ళ డాక్టరు. చదువుకున్నవారు కూడా అడగలేదని ఇందువల్ల మనకు తెలుస్తున్నది.

సరే, అడిగాము. వారు ఒక పేరు, నాలుగు అక్షరాలు చెప్పారు. అది నిజమో కాదో తెలుసుకునేదెట్లా?

ప్రతి డాక్టరుకు మెడికల్ కౌన్సిలు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. బండికి నంబరు ఉన్నట్టే ఇదీ. డాక్టర్ల నడవడికకు 2002లో చేసిన నియమాల ప్రకారం ఆ నంబరు క్లినిక్కులో అందరికీ కనబడేలా పెట్టాలి. మందుల చీటి మీద, సర్టిఫికెట్టు మీద, డబ్బు తీసుకున్న రశీదు మీద కూడా వ్రాయాలి. ఇది మనం బ్రతిమాలి అడిగే ఉపకారం కాదు, వారు పాటించవలసిన నియమం.

ఆ నంబరు, పేరు కాగితం మీద వ్రాసుకొని ఇంటికి రండి. జాతీయ వైద్య కమిషన్ వారి వెబ్‌సైటులో దేశంలోని డాక్టర్ల పట్టిక ఉంది. పేరు గాని, నంబరు గాని, ఏ రాష్ట్రపు కౌన్సిలో గాని ఇచ్చి వెదకవచ్చు. మీ ఊళ్ళో ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడికి ఇస్తే ఐదు నిమిషాల్లో చూచిపెడతాడు. మూడు సంగతులు చూడమనండి. పేరు సరిపోయిందా? ఎం.బి.బి.ఎస్. మాత్రమే ఉందా, పై చదువు కూడా నమోదయిందా? నంబరు మరొకరిది కాదు గదా? పట్టికలో కొన్నిసార్లు పై చదువు ఆలస్యంగా ఎక్కుతుంది. అప్పుడు తొందరపడి దొంగ అనకుండా, ఆ డాక్టరునే కౌన్సిలు ఇచ్చిన అదనపు అర్హత పత్రం చూపించమని మర్యాదగా అడగాలి.

కంప్యూటరు మీద నమ్మకం లేనివారు స్వయంగా వెళ్ళి కనుక్కోవచ్చు. తెలంగాణ మెడికల్ కౌన్సిలు కార్యాలయం కోఠి సుల్తాన్ బజారులో ఉంది. ఎల్.బి. నగర్‌లో గాని దిల్‌సుఖ్‌నగర్‌లో గాని మెట్రో ఎక్కితే, మహాత్మా గాంధీ బస్ స్టేషను దాటిన తరువాత వచ్చే స్టేషను ఉస్మానియా మెడికల్ కాలేజి. అక్కడ దిగితే దగ్గరే. బోర్డు చూచి మోసపోయే దారిలోనే నిజం తెలుసుకునే చోటు కూడా ఉందన్నమాట.

డాక్టరు సరైనవాడైతే చాలా? చాలదు. చోటు కూడా సరైనదై ఉండాలి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషను పత్రం ఆసుపత్రి గోడకు ఉందేమో చూడండి. ఏ పనికి అనుమతి ఉందో ఆ పనే చేయాలి. 2025 జనవరిలో సరూర్‌నగర్ డాక్టర్స్ కాలనీలోని ఒక ఆసుపత్రిలో అనుమతి లేకుండా కిడ్నీ మార్పిడి ఆపరేషన్లు జరుగుతున్నాయని అధికారులు, పోలీసులు సోదా చేశారు. ఆ కేసు తరువాత సి.ఐ.డి.కి అప్పగించారు. అది అందం కోసం చేసిన ఆపరేషను కాదు, నిజమే. కాని అది జరిగింది మన ఎల్.బి. నగర్, దిల్‌సుఖ్‌నగర్‌ల పక్కనే, ఇళ్ళ మధ్య. బోర్డు ఉన్నంత మాత్రాన లోపల జరిగేది చట్టప్రకారం జరుగుతున్నదని అనుకోరాదు.

మత్తు సంగతి మరీ ముఖ్యం. చాలామంది “చిన్న సూదే గదా, తిమ్మిరి ఎక్కిస్తారు, అంతే” అంటారు. తిమ్మిరి మందు కూడా మోతాదు మించితే మూర్ఛ రావచ్చు, గుండె ఆగవచ్చు. అందుకే మనిషి బరువును బట్టి మోతాదు లెక్క కడతారు. ఆక్సిజను, గుండె కొట్టుకునే తీరు చూపించే యంత్రం, ప్రాణం నిలిపే మందులు పక్కన ఉండాలి. పూర్తి మత్తు ఇస్తే దానికి వేరే మత్తు డాక్టరు ఉండాలి. కోసే ఆయనే మత్తు కూడా ఇస్తానంటే లేచి వచ్చేయండి. ఏదైనా జరిగితే ఏ పెద్దాసుపత్రికి తీసుకువెళతారో ముందే అడగండి.

2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో 28 ఏళ్ళ యువకుడు, పెళ్ళి కుదిరినవాడు, నవ్వు అందంగా కనబడాలని పళ్ళ క్లినిక్కుకు వెళ్ళాడు. అక్కడే స్పృహ తప్పాడు, బ్రతకలేదు. మత్తుమందు ఎక్కువ కావటం వల్లనే జరిగిందని తండ్రి ఫిర్యాదు చేస్తే పోలీసులు కేసు పెట్టారు. తప్పు ఎవరిదో తీర్పు చెప్పటం మన పని కాదు. కాని ఆ కుర్రవాడు అక్కడికి వెళ్ళిన సంగతి ఇంట్లో వారికి తెలియదు.

2016లో హైదరాబాదులోనే మరొక యువకుడు పొడుగు పెరగటానికి కాళ్ళ ఎముకలు కోయించుకున్నాడు. అదీ ఇంట్లో చెప్పకుండానే. తల్లిదండ్రులు వెదుక్కుంటూ వెళ్ళేసరికి ఆపరేషను అయిపోయి మంచం మీద ఉన్నాడు. ఆ సంగతి మెడికల్ కౌన్సిలు విచారణ దాకా వెళ్ళింది. ఆసుపత్రి పెద్దదే. అయినా ఈ ఆపరేషను అవసరమా అని అడిగే మనిషి ఆ పిల్లవాడి పక్కన లేడు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి కోచింగుకు వెళ్ళే మన పిల్లలు ఎందరో ఉన్నారు. జుట్టు రాలుతున్నదని, ముఖం మీద గుంటలు పడ్డాయని లోలోపల కుమిలిపోతుంటారు. సెలవులకు ఇంటికి వస్తే మనం ఏమంటాం? “ఏంరా, అప్పుడే ముసలోడివయినవా?” అని నవ్వుతాం. నవ్వినచోట పిల్లవాడు మళ్ళీ నోరు విప్పడు. మన దగ్గర దాచిన మాట క్లినిక్కులో కోటు తొడుక్కున్న అమ్మాయితో చెప్పుకుంటాడు. గనుక ఎగతాళి మానండి. “చూపించుకుందాం, నేనూ వస్తాను” అనండి. ఆ ఒక్క మాట వాడికి పెద్ద కాపుదల.

ఇంకొక ప్రశ్న కూడా వస్తుంది. “సిస్టరమ్మా, విశ్వాసులు అందం కోసం ఆపరేషను చేయించుకోవచ్చునా?” అని స్త్రీల సమాజంలో ఒక సోదరి అడిగింది. కాలిన మెడ తిరిగేలా చేయటం, మొర్రి పెదవి కుట్టి బిడ్డకు మాట రప్పించటం వ్యర్థమైన అలంకరణ అని నేను అనను. లూకా కూడా వైద్యుడే గదా. ఇక ముక్కు కాస్త సన్నబడాలా, నడుము కాస్త తగ్గాలా అనేది ఎవరి మనస్సాక్షికి వారు చెప్పుకోవలసిన జవాబు. కాని అప్పు చేసి గాని, పుస్తెలతాడు కుదువబెట్టి గాని చేయించుకోవద్దని మాత్రం పెద్దదానిగా చెబుతాను.

మంచి డాక్టరును గుర్తుపట్టటానికి మరొక ఆనవాలు ఉంది. ఆయన కొన్నిసార్లు వద్దంటాడు. “ఇది నీకు అవసరం లేదు”, “నీ ఒంటికి ఇది పడదు”, “ఇంకో ఏడాది ఆగు” అంటాడు. మనకు కోపం వస్తుంది, వేరేచోటికి పోతాం. తెలుగు సినిమాల్లో నటించిన ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో, 31 ఏళ్ళ వయసులో మరణించింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషను చేయించుకున్నదని, తరువాత ఊపిరి సమస్యతో బాధపడిందని అప్పుడు పత్రికలు వ్రాశాయి. మరణానికి అసలు కారణం ఇదేనని నేను తేల్చి చెప్పను. కాని కొవ్వు తీయటం బరువు తగ్గించే వైద్యం కాదని, అది పెద్ద ఆపరేషనేనని, లోపల కొవ్వు ముక్క రక్తంలో కలిసి ఊపిరితిత్తికి చేరితే ప్రాణానికే ముప్పని ఏ సర్జనైనా చెబుతాడు. చెప్పనివాడి దగ్గర ఉండకండి.

సంతకం సంగతి. ఆపరేషనుకు ముందు ఒక కాగితం ఇచ్చి “ఇక్కడ పెట్టండి” అంటారు. చదవకుండా పెట్టకండి. చదవటం రాకపోతే చదివించుకొనండి. 2008లో సుప్రీంకోర్టు ఒక స్త్రీ కేసులో ఈ సంగతి స్పష్టం చేసింది. పరీక్ష చేయటానికి ఇచ్చిన సమ్మతి ఆపరేషను చేయటానికి సమ్మతి కాదు. ఏమి చేస్తారో, ఏమి కావచ్చునో, వేరే మార్గం ఏముందో రోగికి తెలియజెప్పి తీసుకున్నదే అసలైన సమ్మతి. అది మనకు తెలిసిన భాషలో జరగాలి.

రశీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. “ఈ రోజే కడితే తగ్గింపు” అన్నవారికి అసలే ఇవ్వకండి. చీరలకు తగ్గింపు ఉంటుంది, శరీరానికి ఉండదు. తొందరపెట్టేది అమ్మకం, ఆగి ఆలోచించుకోమనేది వైద్యం. ఆపరేషను అయ్యాక ఏం చేశారో వ్రాసిన కాగితాలు తెచ్చుకొనండి. మీరు అడిగిన 72 గంటల లోపల మీ వైద్యపు కాగితాలు ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లోనే ఉంది.

ఇంత చూచుకున్నా కీడు జరిగితే? ఆపరేషను చేసినవాడు పట్టికలో ఉన్న డాక్టరైతే మెడికల్ కౌన్సిలుకు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. డాక్టరే కానివాడైతే పోలీసులకు, కౌన్సిలుకు కూడా చెప్పాలి. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేసినవాడికి ఏడాది దాకా జైలు గాని, 5 లక్షల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. డబ్బు చెల్లించి పొందిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2019 నాటి చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోని కమిషనులోనే ఫిర్యాదు వేయవచ్చు, పట్నం తిరగనక్కరలేదు. రెండేళ్ళ లోపల వేయాలి. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఇదంతా జరగటానికి చేతిలో రశీదు, చీటి, పేరు, నంబరు ఉండాలి. అవి లేనివారి కన్నీళ్ళు ఏ కమిషను ముందూ సాక్ష్యం కాలేవు.

ఈ కింది ఏడు ప్రశ్నలు కత్తిరించి బైబిలు అట్టలో పెట్టుకొనండి. పట్నం వచ్చేటప్పుడు మీతో ఉంటాయి.

1. ఆపరేషను చేసే డాక్టరు పేరేమిటి? నేను ముందుగా ఆయనతో మాట్లాడవచ్చునా?

2. ఆయన ఏం చదివారు? ఏ శాఖలో?

3. ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఏ రాష్ట్రపు కౌన్సిలు?

4. కోత మొదలునుండి కుట్లు దాకా ఆయనే చేస్తారా, మరొకరికి అప్పగిస్తారా?

5. మత్తు ఎవరు ఇస్తారు? ఆపద వస్తే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు?

6. ఇది చేయించుకోకపోతే నష్టమేమిటి? చేయించుకుంటే ఏమేమి చెడిపోవచ్చు?

7. మొత్తం ఖర్చు ఎంత? తరువాత చూపించుకోవటానికి ఎన్నిసార్లు రావాలి?

ఇక ఆ తల్లి సంగతి. నేను ఫోను పెట్టేయలేదు. “కోపం చేస్తే నామీద చెప్పు, నర్సమ్మ అడగమన్నదని చెప్పు” అన్నాను. అడిగింది. లోపలి అమ్మాయి “సారు వచ్చినంక చెప్తరు, ముందు అడ్వాన్సు కట్టండి” అన్నది. ఈమె కదలలేదు. చివరకు ఒక కార్డు ఇచ్చారు. కూతురు ఆ అక్షరాలు ఒక్కొక్కటే నాకు చదివి వినిపించింది. మొదటివి పళ్ళ డాక్టరు పట్టా. తరువాత ఏదో ఫెలోషిప్పు పేరు. నంబరు లేదు.

“డబ్బు సంచిలో పెట్టుకొని మెట్లు దిగండమ్మా” అన్నాను.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళి ఓ.పి. చీటి తీసుకొని వరుసలో కూర్చున్నాం. ఉస్మానియాలో, గాంధీలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలు ఉన్నాయని మనవారిలో చాలామందికి తెలియదు. అవి డబ్బున్నవారి కోసమే అనుకుంటారు. మూడు గంటలు కూర్చున్నాక పిలిచారు. డాక్టరుగారు నడివయసు మనిషి. పిల్ల మెడ అటూ ఇటూ తిప్పి చూచారు. కాలినచోట చర్మం ముడుచుకుపోయిందని, దాన్ని విడదీసి తొడనుండి తీసిన చర్మం అతకాలని చెప్పారు. చెంప మీద మచ్చకు కత్తి వద్దన్నారు. కోస్తే ఇంకా లేచి లావుగా కావచ్చునన్నారు. సిలికాన్ పూత, కొన్ని సూదిమందులు, ఓపిక, ఇవే దానికి మందు అన్నారు.

పిల్ల మెల్లగా అడిగింది. “పూర్తిగ పోదా సార్?”

“పోదమ్మా. తగ్గుతుంది. మెడ మాత్రం బాగా తిరుగుతుంది.”

బయటికి వచ్చాక ఆ పిల్ల వరండాలో బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. నేను ఏమీ అనలేదు. ఎన్నో ఏళ్ళనుండి దాచుకున్న ఆశ అది, ఏడవనివ్వాలి. తల్లి పక్కన కూర్చుని చేతిలో చీటి మడత పెడుతూ అన్నది, “మాయం చేస్తమన్నోళ్ళు నలభై ఐదు వేలు అడిగిండ్రు సిస్టరమ్మా. పోదు అని నిజం చెప్పినాయన ఏమీ అడగలే.”

ఆపరేషను అయ్యి ఇప్పటికి ఐదు నెలలు. మెడ చుట్టూ పట్టీ కట్టుకొని, రోజూ అద్దం ముందు నిలబడి మెడ తిప్పే వ్యాయామం చేస్తున్నది. కుడివైపు కూర్చున్నవారిని చూడాలంటే ఇదివరకు ఒళ్ళంతా తిప్పేది. పోయిన నెల వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు ఆరాధనలో నేను ఆమెకు కుడిపక్కన కూర్చున్నాను. తల ఒక్కటే తిప్పి నన్ను చూచి నవ్వింది. చెంప మీద మచ్చ ఉంది. సంబంధం ఇంకా కుదరలేదు. పక్క ఊరి బడిలో పాఠాలు చెబుతున్నది.

మీలో ఎవరైనా ఇటువంటి పని మీద పట్నం వస్తుంటే బయలుదేరకముందే ఎవరికైనా ఒక్కరికి చెప్పండి. సంఘంలో నర్సులున్నారు, చదువుకున్న పిల్లలున్నారు, పాస్టరుగారున్నారు. ఒంటరిగా ఆ మెట్లెక్కవద్దు. అడగటానికి భయమేస్తే, ఆ తల్లికి చెప్పినట్టే మీకూ చెబుతున్నాను. నర్సమ్మ అడగమన్నదని నామీద చెప్పండి.